కొక్కెం

కురుపాం మార్కెట్లో మెట్ల కింద
కుట్టుమిషను సామాన్ల కొట్టు.
"బాబిన్ కేసు కావాలండీ."
పైడిరత్నం డ్రాయరు మీద చెయ్యి వెయ్యలేదు.
"కుడతంటే ఎలాగ మోగుతాది?"

నడిబజార్లో నోటితో మిషను తొక్కాను:
టకటక టకటక... టక్. ఆగి, టక్.
పక్కకొట్టు కుర్రాడు నవ్వాడు.
"కేసు బాగానే ఉంది నాయనా,
కొక్కెం అరిగిపోనాది. మూడొందలు."

ఆమె చెప్పిన పేరే
ఆమె ఎదుటే ఫోన్లో కొట్టాను.
రెండొందల ముప్పై.
చూపించాను. చూడలేదు.
నూనెగుడ్డ మడత విప్పుతోంది.

సముద్రం ఎంత దూరమని,
వారానికోసారి తుడవకపోతే
ఉప్పుగాలి ఉక్కుని బెల్లంముక్కలా చప్పరించేస్తుంది.
ఈ కొక్కెం తెచ్చి తొమ్మిదేళ్లట.
తొమ్మిదేళ్ల అద్దె, నూనె,
బోణీ లేని శ్రావణాలు,
ఆ చెవి.
డెబ్బై రూపాయల్లో ఇవన్నీ ఎలా పట్టాయో
లెక్క కడుతూనే
ఇరవై తగ్గించమన్నాను.

పది తగ్గించింది.

సింహాచలం బస్సులో
ఫోను తెరిచి, బుట్టలోది తీసేద్దామని నొక్కితే
వేలు జారింది.
నూనె.
మళ్లీ నొక్కాను, మళ్లీ జారింది.