కమాను పట్టీ

మొన్న మట్టల ఆదివారానికి యాభైతొమ్మిదిలో పడ్డాను.
పడ్డానంటే నిజంగానే పడ్డాను,
గుణదలలో మా ఇంటి గడప దగ్గర
రెండో చెప్పు వెతుక్కుంటూ.
లూర్దమ్మ నవ్వలేదు.
ఆవిడ నవ్వకపోవడం చూసి భయమేసింది.

ఆ రాత్రే, టైర్ల కొట్టువాళ్ళిచ్చిన క్యాలెండర్ వెనక రాసుకున్నాను:
టీ, రోజుకి రెండే.
కోపం, అసలొద్దు.
పొద్దున్నే కొండెక్కడం.
జుట్టుకి రంగు. ఇది మాత్రం చిన్నక్షరాల్లో.
ఆటోనగర్లో ముప్పైఎనిమిదేళ్ళుగా
లారీల నడుములు సరిచేస్తున్నవాణ్ణి,
నా నడుం నేను చూసుకోలేనా అని.

రంగు మంగళవారం వేశాను.
కొలిమి ముందు పదకొండింటికల్లా
చెవుల మీదుగా దిగి మెడకి చేరింది.
ఖాదర్‌వలీ, పందొమ్మిదేళ్ళ కుర్రాడు,
పాతగుడ్డ అందించి
"గ్రీజు, గురూ" అన్నాడు.
అది గ్రీజు కాదని వాడికి తెలుసు.
ఆ మర్యాదకి వాడి కూలి యాభై పెంచాను.

కోపమొస్తే పది లెక్కపెట్టమన్నారు చర్చికి కొత్తగా వచ్చిన ఫాదరు.
పట్టీ ఎర్రగా కాలి బయటికొచ్చింది,
అదే వాడు పట్టకారు వదిలి ఫోనందుకున్నాడు.
ఒకటి, రెండు, మూడు...
ఏడు దగ్గర ఎరుపు పోయింది.
పదికి ఇనుము చల్లారింది, నేను కాదు.
మళ్ళీ కొలిమిలో పెట్టాం, బొగ్గు దండగ.
ఫాదరుది మంచిమాటే,
కాకపోతే ఆయన సమ్మెట పట్టినవాడు కాదు.

కొండమెట్లు సగం ఎక్కేసరికి
నాకంటే ముందు మోకాళ్ళు మాట్లాడాయి.
కొవ్వొత్తులమ్మే రాయమ్మవ్వ పక్కకి జరిగి చోటిచ్చింది.
"ఎక్కడానికి అందరూ మొక్కుకుంటారయ్యా,
దిగడానికి మొక్కుకున్నోణ్ణి ఒక్కణ్ణీ చూళ్ళేదు.
అసలు భయమంతా అక్కడే గదా."
ఒక కొవ్వొత్తి కొన్నాను.
సగమే ఎక్కాను, సగం ధరకిమ్మంటే
ఇవ్వలేదు.

టీ సంగతి అడక్కండి.

శనివారం బందరు నుంచి ఉప్పు లారీ వచ్చింది,
ఎడమపక్క కుంగిపోయి
విస్తరి దగ్గర అలిగిన వియ్యంకుడిలా.
డ్రైవరుకి తొందర:
"కొత్తదాన్లా నిక్కాలి, జోజప్పా."
నిక్కించడం నాకు తెలీకా!
ఇరవైరెండేళ్ళప్పుడు ఒకదాన్ని నిక్కించాను.
విల్లులా వంచి నూనెలో ముంచితే
అది బుసకొట్టింది, నేను డబ్బా కొట్టాను.
హనుమాన్ జంక్షన్ దాటకుండానే
మొదటి గుంటలో పుల్లలా విరిగింది.
మా సుభానీ మేస్త్రీ తిట్టలేదు.
విరిగిన ముక్క నా చేతిలో పెట్టి
"వంగనిది కమాను కాదురా, కడ్డీ" అన్నాడు.
ఆ ముక్క ఇప్పటికీ ఉంది నా బల్ల మీద,
ఫ్యాను గాలికి బిల్లులు ఎగరకుండా.

ఈ లారీకి వేలెడు కుంగు వదిలేశాను.
డ్రైవరు మూతి ముడిచాడు.
"గుంటలొచ్చినప్పుడు రోడ్డుతో మాట్లాడేది ఆ వేలెడే" అన్నాను.
అన్నాక నా నడుం గుర్తొచ్చింది.
పొట్ట కూడా.
పొట్టకి వేలెడు చాలదు గానీ
ఆ లెక్క ఇక్కడెందుకు.

సాయంత్రం క్యాలెండర్ తిరగేసి
రంగు కొట్టేశాను.
కోపం పక్కన "అసలొద్దు" కొట్టేసి
"పట్టీ వంచాక" అని రాశాను.
కొండ అలాగే ఉంచాను. సగం.

ఇంకోమాట.
మా మేనల్లుడు నా ఫోన్లో
అడుగులు లెక్కపెట్టేదేదో పెట్టాడు.
చొక్కా జేబులో వేసుకుని సమ్మెట కొడుతుంటే
ప్రతి దెబ్బనీ అడుగనుకుంటోంది, పిచ్చిది.
నిన్న పన్నెండు వేలు దాటాను
నించున్నచోట నించునే.
ఫోను భేషని చిన్న తారాజువ్వ కాల్చింది.
లూర్దమ్మ వీధి వీధంతా చెప్పుకొచ్చింది,
మా ఆయన ఎంతలా మారాడో చూశారా అని.
నేను దిద్దలేదు.
ముప్పైఎనిమిదేళ్ళ దెబ్బలూ కలిపితే
ఆ దాగలి దగ్గర్నుంచి ఎందాకా వెళ్ళుంటానో
ఎవరికి తెలుసు.

రాత్రి ఆవిడ నూనె వెచ్చజేసి
కాళ్ళు చాపమంటే
భుజం చూపించాను.