ప్రశ్న నాలుగు

నాలుగువేల నూట పన్నెండు మందికి పంపాను.
అరవై ముగ్గురు జవాబిచ్చారు.
బెండిగో చలికి వేళ్ళు జేబుల్లోంచి బయటికి రావని
మా పైఅధికారి సర్దిచెప్పుకున్నాడు.

అందరిదీ అని పేరు పెట్టుకున్న కొట్టు మాది.
ఫోటోలు, చప్పుళ్ళు, కదిలే బొమ్మలు.
ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా పెట్టొచ్చు.
గుమ్మం నిండా తీసుకునేవాళ్ళ చెప్పులే,
పెట్టేవాళ్ళవి ఒక్క జత.

ఆ జత డెస్మండ్ ట్రెవాస్కిస్‌ది.
ముప్పై ఒక్క ఏళ్ళు ట్రామ్ షెడ్డులో మరమ్మతులు చేసినవాడు.
మలుపులో చక్రం కీచు,
వానలో బ్రేకు, ఎండలో బ్రేకు,
రెండువందల ఆరు చప్పుళ్ళు ఎక్కించాడు.
"ఎందుకు పాల్గొంటున్నారు?" అన్న గడిలో
"అడిగారు గనక" అని రాశాడు.

ప్రశ్న నాలుగు.
మీరు ఇంతవరకు ఏమీ చేర్చలేదు. ఎందుకని?
(చిత్తుప్రతి తెలుగులో రాసుకోవడం నా అలవాటు.)
అ. తీరిక లేక.
ఆ. ఎలాగో తెలియక.
ఇ. నా దగ్గర పనికొచ్చేదేమీ లేక.
ఈ. ఇతరం.

నలభై ఒక్కమంది "ఇ" మీద వేలు పెట్టారు,
తొమ్మిదొందల ఫోటోలు దించుకున్న బడిపంతులుతో సహా.
ఇవ్వడానికీ అదే కదా మొదటక్షరం
అనుకుంటూ టీ చల్లారబెట్టుకున్నాను.

"ఈ"లో పొడుగాటి జవాబు ఒక్కటే.
రాసినావిడ కరెన్ మనిషి, నా ఏ మూ.
కోళ్ళ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
వాళ్ళ ఆడవాళ్ళ పేర్ల ముందు "నా" ఉంటుంది, గౌరవానికి.
నా చెవికది "నాది" అన్నట్టే వినబడుతుంది.

"శిబిరంలో మా అక్క పెళ్ళి ఫోటో ఉంది నా దగ్గర.
వెదురు పందిరి, అరువు కోటు, అందరం నవ్వుతున్నాం.
ఇది మీరు తీసిందేనా అంటుంది మీ ఫారం.
కాదు. తీసినాయన పేరు ఎవరికీ తెలీదు.
ఫోటోలో ఉన్నది మేము, హక్కేమో ఆయనది.
మరి నేను దేనికి టిక్కు పెట్టాలి?"

నివేదికలో గుండ్రటి పటం గీశాను.
ఆమె వంతు ఒకటి పాయింటు ఆరు శాతం, బూడిదరంగు చీలిక.
"దాన్ని తీసెయ్, పటం శుభ్రంగా ఉంటుంది" అన్నాడు పైఅధికారి.
తియ్యలేదు. తియ్యలేదని చెప్పనూ లేదు.
ఆమెకి మూడుసార్లు ఉత్తరం మొదలుపెట్టాను,
"ప్రియమైన" దాటలేదు.

ఇంకో సంగతి, ఇది నివేదికలో లేదు.
ఆరేళ్ళుగా ఈ కొట్లో అరలు సర్దుతున్నదాన్ని,
ఒక్కటంటే ఒక్కటి చేర్చలేదు.
నా సర్వే నాకే వస్తే నేనూ "ఇ".

సాయంత్రం ఫోను పట్టుకుని రోసలిండ్ పార్కుకి పోయాను,
పెద్ద గబ్బిలాలు లేచే వేళకి.
చెట్లు చీకటిని దులుపుకుంటున్నట్టు
ఒక్కసారిగా వేలకు వేలు,
పాత తోలు గొడుగులు తెరిచీ మూసీ తెరిచీ.
అందులో ఒకటి నా నెత్తిమీదుగా పోతూ
చెయ్యాల్సిన పని చేసిపోయింది.
"ఛీ, నీ మొహం మండా!" అన్నాను.
అదీ రికార్డయింది.

చెరపబోయి ఆగాను.

సృష్టికర్త ఎవరు అంది ఫారం.
గబ్బిలాలంటే ఒప్పుకోలేదు.
సిగ్గుపడుతూ నా పేరే రాశాను.
భాష ఏది అంది.
జాబితాలో టాటార్‌కీ థాయ్‌కీ నడుమ
తెలుగు, దాని పక్కన సున్న.
నొక్కాను. సున్న ఒకటయింది.
ఆ కొట్లో మన భాష ఖాతా
తిట్టుతో తెరుచుకుంది.

పొద్దున్నే డెస్మండ్ రాశాడు.
"నలభై రెండో సెకను దగ్గర, మీ వెనక పోయింది
ఐదో నంబరు బండి. ఎడమ బ్రేకు అరిగింది.
షెడ్డుకి ఫోను చేసి చెప్పాను.
అవునూ,
గబ్బిలంతో ఏమన్నారు మీరు?"