దొరికిన సామాన్లు

ఇరవై రెండేండ్లు ఆ స్టాపు పేరు ఒర్రిన.
ఒక్కనాడు దిగి సూడలే.
పురానీ హవేలి కాడ బస్సు మలిగితే
కిటికీలకెల్లి కాలిన పిండి వాసన ఎక్కేది,
టికెట్ లేకుంట.
దాన్ని దించుడు నాతోటి గాలే.

ఒకనాడు ఎనక సీటు మీద ఎవరో మర్చిపోయిండ్రు,
ఉర్దూ పేపర్ల సుట్టిన నాలుగు నాన్లు.
నాలుగు మూలలు, నడుమ కత్తి గాట్లు.
పేపరు తడిసి
ఆ దిక్కు అచ్చరాలు ఈ దిక్కు కనవడుతున్నయి.
ఇంకా ఏడి మీదనే ఉన్నయి.
నా కడుపుల పొద్దటి సాయ తప్ప ఏం లేదు.
రూలంటే రూలు.
డిపోల ఇచ్చిన.

విఠల్‌రావు సారు కండ్లద్దాలు సవరించుకోని
దొరికిన సామాన్ల రిజిస్టర్ల రాసిండు:
గొడుగు, నల్లది, ఒకటి.
చెప్పు, ఎడమకాలిది, ఒకటి.
రొట్టెలు, నాలుగు.
మూడు దినాలు ఎవ్వలూ రాలే.
బల్లకేసి కొడితే టకటకమన్నయి.
డిపో ఎనక పారేస్తే కుక్క సుత వాసన సూసి పోయింది.
నేనే దస్కత్ వెట్టిన.

మొన్న రిటైరయినంక
నా రూటు బస్సుల నేనే ఎక్కి కూసున్న.
కొత్త పిల్ల జీరో టికెట్ కొట్టి
"లోపటికి జరుగుండ్రమ్మా" అన్నది.
గొంతు ఇంక పండలే పాపం.
నా సంచిల టిఫిన్ డబ్బ, డబ్బల రెండు జొన్నరొట్టెలు.
నారాయణఖేడ్ దిక్కుదాన్ని,
ఉత్త చేతులతోటి ఎవరింటికీ పోను,
అది బట్టి అయినా సరే.

బట్టి అంటే పొయ్యి అనుకున్న.
కాదు, బాయి.
నీళ్లు ఉండే కాడ నిప్పులున్న బాయి.
ఖుద్దూస్ మియా గద్దె మీద పిండి పరిచి,
నడుం దాక లోపటికి వంగి,
బాయి గోడకు తప్పున సరిసి లేస్తడు.
మోచేతుల దాక ఒక్క ఎంటిక లేదు.
నా బొటనేలు సూసుకున్న,
సిరా పోయింది గని మచ్చ పోలే.

"కిత్తే హోనా అమ్మా?"
నాలుగు, అన్న.
ఇగ ఆగలేక ఆ నాలుగిటి ముచ్చట సుత చెప్పిన,
రిజిస్టరు, బల్ల, కుక్క, అన్నీ.
నవ్వుతడనుకున్న.
నవ్వలే.
గద్దె పక్కకు వెట్టిండు.
"గట్టివడితే పారేస్తరా?
పానీ మారో, తవే పే డాలో,
జీ ఉఠ్తీ రోటీ."

నీళ్లు సల్లి పెనం మీదేస్తే పాణమొస్తదట.
గంతే.
ఎండిన జొన్నరొట్టె మజ్జిగల నానవెట్టుడు,
దంచి ఉల్లిగడ్డ, కారం ఏసి పోపు వెట్టుడు
పుట్టిన కాడికెల్లి ఎరికున్నదాన్ని,
ఆనాడు రిజిస్టరు ముంగట నిలవడి
నాకెందుకు యాదికి రాలే?
కాకి అంగి తొడిగితే
అమ్మ నేర్పిన వంట సుత స్టాండుల దిగిపోతదా?

నా రొట్టె తుంచి నోట్ల వెట్టుకుండు.
"నమక్ నై?"
ఉప్పు తొక్కుల ఉంటది మియా, అన్న.
ఇంకో ముక్క తుంచి, ఎలుగుకు వట్టి సూసి,
ఈ పిండి నా బాయి గోడకు నిలవది,
జిగట లేదు, నిప్పుల వడ్తది, అన్నడు.
అయినా ఎట్ల కలుపుతరని అడిగిండు.
మసిలే నీళ్లతోటి, అన్న.
ఏళ్లు కాలుతయి కదా, అన్నడు.
ఇద్దరం ఆయన చేతులు సూసినం.

ఇగ బార్కస్ కాడ దిగాలె,
గోధుమలు, మాంసం రాత్రంత ఉడికే గిన్నె సూడాలె.
ఇరవై రెండేండ్ల స్టాపులు బాకీ ఉన్నయి,
చిల్లర లెక్క.

మూడు నాన్లు ఆ రాత్రే అయిపోయినయి.
నాలుగోది కావాలనే బల్ల మీద ఇడిసిన.
రెండు దినాలయినంక కొట్టి సూసిన.
టకటక.
నీళ్లు సల్లిన, పెనం మీదేసిన.
నడుమ గాట్లల్లకెల్లి ఆవిరి లేసింది,
ఆ వాసన, కిటికీ వాసన.
విఠల్‌రావు సారుకు ఫోన్ కొట్టిన.
ఎత్తలే.
సల్లారకముందే తిన్న.