జరగని వరదకు లెక్క

థార్న్‌బెక్‌లో వంతెన పక్క బేకరీ గోడ మీద
ఇత్తడి గీతలు మూడున్నాయి.
మొదటిది నా మోకాలికొస్తుంది.
రెండోది నడుముకి.
మూడోది, ఆ క్రిస్మస్ మర్నాటిది,
రొట్టెల అల్మరా పైఅరకి.

ఆ రాత్రి తర్వాత
మా వీధి పేరు చెప్పగానే
బీమా కంపెనీ వాళ్ళు ఫోను పెట్టేసేవారు.

నేను ఈ ఊరి చిట్టాపద్దులు రాసేదాన్ని.
చేపల కొట్టు, రెండు టాక్సీలు, చర్చి పైకప్పు నిధి.
ఉన్నదాన్ని కూడటం, పోయినదాన్ని తీసేయడం,
ఇరవై రెండేళ్ళుగా అదే పని.
అలాంటిది ఓ మంగళవారం
లైబ్రరీ మేడమీద, బిస్కట్ల పళ్ళెం చుట్టూ
పద్నాలుగు మందిమి కూర్చుని
రాని నీళ్ళకి ధర కట్టాం.

ఏడు మైళ్ళ ఎగువన
గార్త్ ఆల్డర్సన్ అని గొర్రెల ఆసామి.
వాళ్ళ తాత సర్కారు సొమ్ముతో
కొండ బీడంతా కాలవలు తవ్వించాడట,
నీళ్ళు గబగబా దిగిపోవాలని.
దిగాయి.
మా మీదికి.

ఇప్పుడా కాలవలు పూడ్చాలి.
వాగుకడ్డంగా దుంగలు పడుకోబెట్టాలి.
కింది చేను ఏటా నాలుగు వారాలు మునగనివ్వాలి.
"మునిగిన గడ్డికి గొర్రె మూతి పెట్టదు,
కిరాయి ఎవరిస్తారు?" అన్నాడతను, టోపీ తియ్యకుండానే.

బ్యాంకు తొమ్మిదేళ్ళకి అప్పిస్తుంది.
ఊళ్ళోవాళ్ళు వాటాలు కొంటారు, ఒక్కోటి యాభై పౌండ్లు.
నీటి కంపెనీ, రైలు కంపెనీ, ఆ ఫోను పెట్టేసిన బీమా కంపెనీ
ఏటేటా కడతాయి,
వంతెన కింద కొలబద్ద మీద ఎర్రగీత దాటకపోతేనే.
దాటిందా,
వడ్డీ లేదు. ఎవరికీ లేదు.

తెనాలిలో మా పిన్ని నడిపిన చీటీ గుర్తొచ్చింది.
అక్కడా అంతేగా,
నష్టానికి పాడుకున్నవాడికే ముందు డబ్బు.
బోర్డు మీద గీసి చూపించాను. అందరూ మర్యాదగా చూశారు.
టాక్సీ జుల్ఫికర్ ఒక్కడే పకాలున నవ్వి
"మా అమ్మ వేసే కమిటీ!" అన్నాడు.
నాలుగు వాటాలు కొన్నాడు.

బేకరీ మారీన్ ఒక్కటీ కొనలేదు.
"నా గోడ మూడుసార్లిచ్చింది చందా," అంది.
తప్పనలేను.

నీరు పల్లమెరుగు.
డబ్బూ ఎరుగు,
కాకపోతే దాని పల్లం వేరు, లాభమున్న వైపు.
మేం చేసిన కాగితాల పనల్లా
ఆ పల్లాన్ని కాస్త
కొండమీదికి వంచడం.

రెండో శీతాకాలం, ఫిబ్రవరి,
రెండు పగళ్ళు రెండు రాత్రులు కురిసింది.
టార్చిలైట్లు పట్టుకుని వంతెన మీద నిలబడ్డాం.
ఎర్రగీతకి నాలుగు వేళ్ళ కింద ఆగింది నీరు.
తెల్లవారి గార్త్ ఫొటో పంపాడు.
చేను లేదు. గేటు పైకమ్మీ, దాని మీద ఒక కొంగ.
కింద ఒకే ముక్క:
"మీ వరద నా దగ్గరుంది."

బేకరీ ఆరింటికే తెరిచారు.
బన్నుల కోసం వరస. వాన ఊసే లేదు.

ఖాతా తెరిచి కూర్చున్నాను.
జమలో చెక్కులు, ఖర్చులో దుంగలు, మేకులు, గార్త్ కిరాయి.
తడవని తివాచీని ఎక్కడ రాయను?
ఇసుక బస్తా ఎత్తని నడుముని,
మేడమెట్ల మీద వణకని కుక్కని?
వాటికి గడి లేదు.
నీటి కంపెనీ వకీలు అప్పుడే ఉత్తరం రాశాడు,
అసలంత వాన పడిందా అని.
వడ్డీ సంగతి తర్వాత,
ముందు ఆ 'అసలు' దగ్గరే తగాదా.

సోమవారం రొట్టె కొనడానికెళ్తే
చిల్లర లెక్కపెడుతూ అడిగింది మారీన్:
"వాటా ఇంకా యాభయ్యేనా?"
యాభై మూడన్నాను.
"చూద్దాంలే," అని
ఇత్తడి గీతల్ని తుడవసాగింది.