సదరు

మన దస్తావేజుల్లో సదరు అని ఒక మాట కూచునుంటుంది,
పైన చెప్పిన బరువంతా భుజాన వేసుకుని.
ఇంగ్లీషువాళ్ళకీ అలాంటిదొకటి ఉంది: ప్రెమిసెస్.
లాటిన్ గర్భంలో దాని అర్థం, ముందుగా పంపినవి.
బహువచనంలోనే బతుకుతుంది, మన నీళ్ళలా, పాలలా.
ఏకవచనం చేశారా, తర్కం చెప్పేవాడి చేతిలో పడుతుంది.
ఒకటైతే వాదన. కొన్నైతే కొంప.

కొంప ఎలా అయిందంటే
లేఖకుల చెయ్యి నొప్పి వల్ల.
మొదటి పేరాలో ఒళ్ళొంచి రాసేవారు:
ఒక పెంకుటిల్లు, వెనక బట్టలుతికే కొట్టు,
బేరిచెట్టు ఒకటి, బావిలో మూడోవంతు,
సందులోంచి నడిచే హక్కు, బొగ్గు బండితో సహా.
ఆ తర్వాత పేజీ పేజీకీ
పైవన్నీ, పైవన్నీ, పైవన్నీ అని గీకేవారు.
తరాలు గీకాక
చదివేవాళ్ళు తలెత్తి పైకి చూడటం మానేశారు.
మాటే గోడలు లేపుకుంది, కప్పు వేసుకుంది,
సారాకొట్టు తలుపెక్కి
ఇక్కడ తాగొచ్చు, అక్కడ తాగరాదు అనడం నేర్చింది.

హల్ రేవు. పంతొమ్మిది వందల ముప్పై ఏడు, మార్చి.
స్క్రివెన్ సందు కూల్చేస్తారట, గాలాడదని, నల్లులని.
పైబస్ వకీలు గుమాస్తా ఈనక్ ట్రాన్మర్, పంతొమ్మిదేళ్ళవాడు,
తడిసిన టోపీతో ఏడో నంబరు తలుపు కొట్టాడు.

థర్జా హోల్‌రాయ్డ్‌వి చేపల వలలు అల్లే చేతులు.
కళ్ళజోడు వెతుక్కుని, పెదాలు కదుపుతూ చదివింది:
ఇరవై ఎనిమిది రోజుల్లో ప్రెమిసెస్ ఖాళీ చెయ్యవలెను.
"ఈ మాటకి అర్థమేంటి నాయనా?"
వాడప్పుడే పరీక్షకి చదువుతున్నాడు. దొరికిందే సందని,
"పైన చెప్పినవన్నీ అని," అన్నాడు.
ఆవిడ కాగితం వెనక్కి తిప్పింది, తలకిందులు చేసింది.
"పైన ఏమీ చెప్పలేదే?"

నిజమే. కార్పొరేషన్ ముద్ర, దాని కింద బెత్తెడు తెల్ల జాగా.
"ముందుగా పంపినవి అని కూడా," అన్నాడు, ఏం తోచక.
"అయితే ఉన్నారు," అంది థర్జా. "ఇద్దర్ని పంపాను."
ఎవరని వాడు అడగలేదు. వాన వైపు చూశాడు.

ఇరవై ఎనిమిదో రోజు తాళంచెవితో పాటు నోటీసూ తిరిగొచ్చింది.
తెల్ల జాగాలో పెన్సిలు రాత, వలదారంలా ముడులు ముడులుగా:

మెట్ల కింద చెమ్మ, గుర్రం ఆకారంలో.
వాకిట్లో వల కొక్కెం, నా ఎత్తుకి దిగ్గొట్టినది.
వదులు ఇటుక, దాని వెనక అద్దె డబ్బు.
పక్కింటి గార్ట్ ముసలాయన దగ్గు, గోడకి ఇవతలి సగం నాది.
ఆంబ్రోజ్ పడవ రాలేదని తెలిసిన పూట కలిపి మరిచిపోయిన పిండి.
పొయ్యి పక్కన ఐవీ ఎత్తు గీత. దాని పైన గీత లేదు.

ఇంతా రాసిన కింద, అచ్చులో, ప్రెమిసెస్.

పైబస్ కళ్ళద్దాలు నుదుటికి తోసి చూశాడు.
"రుజువుగా పనికిరాదు. ఫైల్లో పెట్టు."
ఈనక్ రిజిస్టరు తెరిచాడు. ఖాళీ అయిన ప్రెమిసెస్, అని గడి.
ఏడో నంబరుకి టిక్కు పెట్టాలి, అంతే పని.
కలం మొన మీద సిరా ఆరిపోయింది. మళ్ళీ ముంచాడు. మళ్ళీ ఆరింది.
కిటికీ కింద థర్జా ఎవర్నో
కొత్త ఇళ్ళ వైపు పోయే బస్సు నంబరు అడుగుతోంది.