మూడు పడ్డాయి

నాకు పదహారేళ్ళు.
బడివాళ్ళు అంటగట్టిన ముప్ఫై గంటల సేవ.
పెనీష్ రేవు వెనక, ఉప్పుగాలికి పెచ్చులూడిన వృద్ధాశ్రమం.
సిస్టర్ ఒతీలియా ఒక కాగితం చేతిలో పెట్టింది:
బెలూన్ ఆట, రంగులేసే బొమ్మలు,
చప్పట్లు కొడుతూ అంకెలు లెక్కపెట్టడం.
"నవ్వుతూ మాట్లాడు టెల్మో, గట్టిగా మాట్లాడు."

నవ్వుతూ, గట్టిగా, బెలూన్ ఎగరేశాను.
అబీలియో తాత పళ్ళు కుట్టుకునే పుల్లతో దాన్ని పొడిచాడు.
కునుకు తీస్తున్న ముగ్గురు ఉలిక్కిపడి లేచారు,
ఒకావిడ ఏడ్చింది.
ఆ పూటకి అదే ఆట.

కిటికీ పక్కన దియోలిందా,
తొంభైకి రెండు తక్కువ.
సీతాకోకచిలుక బొమ్మ పెట్టి పెన్సిళ్ళు పరిచాను.
ఆవిడ బొమ్మ వంక చూడలేదు, నా వంక చూసింది
రెండోనాటి కవళ్ళ గంపను చూసినట్టు.
"రంగేస్తే కొంటారా దీన్ని ఎవరైనా?"

మరో శనివారం బింగో.
అంకె పిలవకముందే "నాదే" అని కార్డు తిరగేసి పడుకుంది.
ఆ తర్వాతి వారం ఏం తీసుకెళ్ళానో నాకే గుర్తులేదు.

నాలుగోసారి ఏమీ తీసుకెళ్ళలేదు.
ఆటస్థలం నుంచి నేరుగా పరిగెత్తాను
భుజాన చిరిగిన గోలు వలతో.
పారేసి పొమ్మన్నాడు కోచ్.
చెత్తకుండీ కన్నా ముందు ఆశ్రమం వచ్చింది.

"ఏమిట్రా అది?"
"వల."
"వలని తెలీదా నాకు? ఏం పట్టడానికని?"
"బంతిని. నేను గోల్‌కీపర్ని."
చాలాసేపు ఆలోచించింది.
"బంతిని తినరు కదా."

అంటూనే ఒళ్ళోకి లాక్కుంది.
చిరుగులోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి కొలిచింది.
కత్తెర అడిగి, చిరిగినదాన్ని ఇంకా కోసింది.
అయ్యో అన్నాను.
"చెడిన కన్ను మొదలంటా తీస్తే కదా కొత్త కన్ను పడేది.
నోరు మూసుకుని కొస పట్టుకో."

అట్టముక్కతో కండె చేస్తే
"కండెనా ఇది, మాడిన రొట్టెనా" అంది.
అబీలియో వంటింటి చెక్క గరిటె దొంగిలించి
రెండు రోజులు చెక్కాడు.
సిస్టర్ ఇప్పటికీ ఆ గరిటె కోసం వెతుకుతూనే ఉంది.

నా ముడిని పళ్ళ మధ్య పెట్టి లాగి చూసేది.
"జారుతుంది. విప్పు."
"ఇది పిల్లి వేసిన ముడి. విప్పు."
ఆ నెలంతా నేను నేర్చుకున్నది విప్పడమే.
కాగితంలో ఉన్నట్టు
మీ చిన్ననాటి ముచ్చట్లు చెప్పండి అని ఒకసారి అడిగాను.
"ముడి వేస్తూ మాట్లాడితే ముడిలో మాట ఇరుక్కుంటుంది,
బిగుసుకోదు."
కన్నుకి ఇంతని కూలిచ్చేవారట. అంతే చెప్పింది.
ఒక సాయంత్రం నన్ను "జసింతో" అని పిలిచి తాడు అడిగింది.
ఎవరని అడగలేదు.
తాడు ఇచ్చాను.

వల పూర్తయింది. సగం నీలం, సగం తెలుపు, మధ్యలో
వంటింటి దారంతో వేసిన ఆరు కళ్ళు, అవి నావి.

ఆదివారం ఆట.
సున్నా, మూడు. ఓడాం.
మూడోది నా కాళ్ళ సందులోంచే వెళ్ళింది.
మట్టిబట్టలతోనే వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను.

"పడ్డాయా?"
"మూడు" అన్నాను, నేల చూస్తూ.
"ఎక్కడైనా తెగిందా?"
"లేదు."
"నువ్వేసిన కళ్ళు?"
"మూడోది వాటికే తగిలింది. ఆగింది."

కుర్చీలో వెనక్కి తిరిగి
హాలంతా అదిరేలా అరిచింది, రేవు గట్టు మీంచి అరిచినట్టు:
"మూడు పడ్డాయర్రోయ్! మావాడి వలలో మూడు!"
అబీలియో టోపీ తీశాడు.
బెలూన్‌కి ఏడ్చినావిడ చప్పట్లు కొట్టింది,
అంకెలేమీ లెక్కపెట్టకుండా.

ఆ మూడూ ఎవరి ఖాతాలో పడ్డాయో
నేను చెప్పలేదు.
ముప్ఫై గంటలు దాటి అప్పటికే పదకొండు.
"ఈసారి" అంది దియోలిందా నా చెవి పట్టి దగ్గరికి లాగి,
"ఇంకాస్త బాగా చిరిగింది తే."