రెండింతలు

డౌవె సైకిళ్లు బాగుచేస్తాడు.
గ్రీజు వేళ్లతోనే తెచ్చిచ్చాడు ఆ కన్వర్టరు,
నల్లగుడ్డలో చుట్టి, అరచేతిలో ఇమిడే డబ్బా.
"కెమెరాకీ లెన్సుకీ మధ్య బిగించు,
నీ నాలుగొందలు ఎనిమిదొందలవుతుంది."
గుమ్మం దాటాక వెనక్కి పిలిచాడు:
"వెలుగు మాత్రం పావు వంతే మిగులుతుంది,"
అప్పుపత్రం అడుగున చిన్న అక్షరాలు చదివినట్టు.

నేను ఈ దీవిలో ఉత్తరాలు పంచుతాను.
నాలుగు వీధులు, ఒక ఎర్ర లైట్‌హౌసు.
పదకొండింటికల్లా సంచి ఖాళీ.
ఆ పైన రోజంతా బురదదే.

అందమైన ఫొటో కాదు నాకు కావలసింది.
ఒక కాలు.
కుడికాలు. దానికో అల్యూమినియం కడియం.
కడియం మీద అంకెలు.

పదమూడేళ్లప్పుడు మా టీచరు ఆఫ్కె
జూన్ పొద్దున గడ్డిలోకి తీసుకెళ్లి
ఆల్చిప్పల పిట్టను నా చేతుల్లో పెట్టింది.
కుట్టుమిషను పట్టుకున్నట్టుంది, దాని గుండె.
ఆమె కడియం నొక్కింది.
పుస్తకంలో అంకెలు నేను రాశాను,
ఏడుకి అడ్డగీత మరీ పొడుగ్గా పెట్టి.
చివరివి నాలుగు, సున్న, ఏడు.

ముప్ఫై ఒక్క ఏళ్లు.
ఈ పిట్టల్లో మొండివి నలభై దాకా లాగుతాయి.
మొన్న శీతాకాలం నుంచీ ఒకటి
ఉప్పుగడ్డి అంచున తిరుగుతోంది,
కడియం అరిగి, పాత చెంచాలా వెలిసి.

మొదటి రోజు ఏమీ దొరకలేదు.
ఫోకస్ ముందుకీ వెనక్కీ
తాళంచెవి చీకట్లో కన్నం వెతికినట్టు.
ఎండెక్కేసరికి బురద మీద గాలి ఉడికింది.
పిట్ట పెద్దదయ్యింది, నిజమే.
దానితోపాటు ఆ ఉడుకూ పెద్దదయ్యింది,
నా వేలి వణుకూ.
ఇంటికొచ్చి తెర మీద చూస్తే
కడియం చోట నలిగిన వెండి కాగితం.

"దూరాన్ని నీ దగ్గరికి తేవడానికి కాదది,"
చెయిన్ ఎక్కిస్తూ డౌవె అన్నాడు,
"మోకాళ్లు అరిగేదాకా పాకు.
ఆ మిగిలిన జానెడుకి వాడు."

అందుకని ఇవాళ మబ్బు.
తెల్లవారక ముందే
మా నాన్న చేపల కోటు వేసుకుని బోర్లా పడుకున్నాను.
మోచేతుల కింద నీళ్లు ఊరుతున్నాయి.
షట్టరు రెండొందల యాభై,
ఐఎస్ఓ సిగ్గులేనంత పైకి.
బొమ్మ గరుకుగా వస్తే రానీ,
అంకెకి అందమెందుకు?

పోటు మొదలైంది.
నీళ్లు తొందరపడవు ఇక్కడ, 
గుంటగుంటనీ పలకరించి వస్తాయి.
వెయ్యి పిట్టలు ఒక్కో అడుగే వెనక్కి జరిగాయి,
అంటే నా వైపు.
అందులో అది.
నలభై అడుగులు. ముప్ఫై.
ఆల్చిప్పను పొడిచి, తలవిదిల్చి, ఇంకా దగ్గరికి.

ఇంకా దగ్గరికి.

ఫ్రేమంతా ముఖమే ఇప్పుడు.
ఎర్రటి ముక్కు, దాని మొదట్లో ఇసుకరేణువు,
ఎర్రగీత గీసిన కన్ను.
ఆ కంటిలో ఆకాశం, ఒక గడ్డిపోచ,
నల్లటి ముద్దలా పడుకున్నదేదో,
అది నేనే అయ్యుండాలి.

కాళ్లు లేవు.
కాళ్లు ఫ్రేముకి ఎక్కడో కింద,
నేను అరువు తెచ్చుకున్న రెట్టింపుకి అవతల.
కన్వర్టరు విప్పాలంటే కదలాలి.
కదిలితే పిట్ట ఉండదు.

ఎంతసేపో తెలీదు. చలికి దవడ కొట్టుకుంది.
చివరికి లెన్సును వెంట్రుకవాసి కిందికి వంచాను.
ట్రైపాడ్ తల కిచ్‌మంది.

కార్డులో ఒకటే ఫొటో పనికొచ్చేది.
బురద. మూడు వేళ్ల అడుగు, అందులోకి చేరుతున్న నీరు.
పై అంచున గాల్లో ఒక కాలు,
కడియం సగం తిరిగి.
నాలుగు కనిపిస్తోంది, సున్న కనిపిస్తోంది.
మూడోదానికి అడ్డంగా ఏదో గీత,
ఏడుదో, గీరుకుపోయిన ఒకటిదో.

డౌవె కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు.
"ఇసుక పడింది మౌంటులో,"
అన్నాడు కన్వర్టరు అందుకుంటూ,
మళ్లీ నా చేతిలోనే పెట్టేశాడు.